అమాన్సియో గ్లాసు ముట్టని సాయంత్రం

అక్టోబరు వెళ్తూ వెళ్తూ మా దీవిలోని లాజెష్ ఊరి తలుపులు సగం మూసేసి పోతుంది. తిమింగలాలు చూపించే పడవల టిక్కెట్ల గదులకు చెక్కలు బిగిస్తారు. రబ్బరు పడవలు ఒడ్డెక్కి బోర్లా పడుకుంటాయి. తిమింగలాలు ఎక్కడికీ పోవు, సముద్రానికే మతి చెడుతుంది. వేసవంతా పరదేశీయుల వెనక పరుగులు పెట్టిన ఊరు అప్పుడు గాని కుదురుగా కూర్చోదు. సరిగ్గా అలాంటప్పుడే దారి తప్పిన పరదేశి ఒకడు దిగి, "తిమింగలాలు లేనప్పుడు ఇక్కడ చెయ్యడానికి ఏముంటుంది?" అని అడుగుతాడు. ఆ మాట వింటే ఒళ్ళు మండదూ! పెళ్ళివారు వెళ్ళిపోయాక ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారని అడిగినట్టు ఉంటుంది.

ఆ ఏడు అలా అడిగినవాడు హాలండువాడు, పేరు యోస్ట్. టిక్కెట్టు చవగ్గా దొరికిందని క్రిస్మస్ ముందు వారంలో మెడకి బైనాక్యులర్లు వేలాడేసుకుని వచ్చాడు. అంత చవగ్గా ఎందుకిచ్చారో ఆలోచించలేదు, పాపం. రేవు పక్క కాఫీ కొట్టులో నలుగురు పేకాడుతుంటే వాళ్ళ నెత్తిన నిలబడి, వచ్చీరాని మా భాషలో అదే ప్రశ్న వేశాడు.

"చెయ్యడానికేముందా?" అంటూ సెరఫీమ్ చేతిలో ముక్కలు బల్ల మీద బోర్లించాడు. సెరఫీమ్ వేసవిలో పడవ నడుపుతాడు, చలికాలంలో బ్యాండులో పెద్ద డోలు వాయిస్తాడు, ఏడాది పొడుగునా మాట్లాడతాడు. "బాబూ, మాకు ఊపిరి సలపటం లేదు! రేపు మా బావమరిది ఇంట్లో పందిని కొయ్యాలి. ఎల్లుండి సాసేజీలు కట్టాలి. గాలి తగ్గితే రేవుగోడ మీంచి గాలం వెయ్యాలి. జనవరి వస్తే ద్రాక్షతీగలు కత్తిరించాలి. బ్యాండు ఉందా, పేకాట ఉందా? ఇవన్నీ ఒక ఎత్తు, పండగ మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడం ఒక ఎత్తు. తిమింగలాలు కూడా వచ్చి కూచుంటే ఈ పనులన్నీ ఎవడు చేస్తాడు?"

"ఇల్లిల్లూ తిరిగి ఏం చేస్తారు?"

"బాలయేసు ఉచ్చ పోశాడా లేదా అని అడుగుతాం."

యోస్ట్ మొహం చూసి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. "నువ్వూ రావయ్యా మాతో. కళ్ళారా చూద్దువు గాని," అన్నాడు సెరఫీమ్.

నవ్వనివాడు ఒక్కడే, సెరఫీమ్ ఎదురుగా కూర్చున్న అమాన్సియో. యాభై తొమ్మిదేళ్ళ బ్రహ్మచారి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఊరవతల కొండకొమ్ము మీది తెల్లగదిలో కూర్చుని, సన్నటి కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, తిమింగలం ఎక్కడ నీళ్ళు చిమ్మిందో వైర్‌లెస్‌లో పడవలకు చెప్పడం అతని పని. నీళ్ళ మీద మొదటిసారి తెల్లగా కనిపిస్తే చెప్పడు. అది కళ్ళ భ్రమ కావచ్చు, అల నురగ కావచ్చు. రెండోసారి కనిపిస్తేనే నోరు విప్పుతాడు. "ఒరేయ్, కనబడిందా లేదా? ఇక్కడ పడవనిండా జనం వాంతులు చేసుకుంటున్నారు!" అని కింద నుంచి సెరఫీమ్ ఎన్ని బూతులు తిట్టినా సరే, అమాన్సియో తొందరపడడు. అందుకే అతను ఉందంటే ఉన్నట్టే.

ఆ తెల్లగదికి వెళ్ళే దారిలో ఊరి చివరి ఇల్లు జుల్మీరాది. భర్త మూడేళ్ళు మంచాన పడి పోయాడు, పోయి ఏడేళ్ళయింది. వేసవిలో రోజూ పొద్దున్నే అమాన్సియో ఆ ఇంటి ముందునుంచి వెళ్తాడు. ఆవిడ కిటికీలో కాఫీ తాగుతూ, "ఇవాళ సముద్రం ఎలా ఉందండీ?" అంటుంది. "పరవాలేదండీ," అంటాడు. అంతే. ఆ రెండు ముక్కల కోసమే అతను గెడ్డం గీసుకుని బయలుదేరతాడన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. చలికాలం వచ్చేసరికి తెల్లగదికి తాళం పడుతుంది, ఆ దారిన వెళ్ళడానికి సాకు ఉండదు. పనిలేనివాడు ఒంటరి ఆడదాని ఇంటి ముందు తచ్చాడితే మా ఊరు ఊరుకుంటుందా? కాబట్టి ఊరందరికీ చలికాలం పండగైతే, అమాన్సియోకి మాత్రం అది ఆకలి కాలం.

ఆ గుమ్మం తొక్కడానికి ఏడాదికి ఒకే ఒక్క వీలుంది. అది ఇల్లిల్లూ తిరిగే ఆచారం. క్రిస్మస్ మర్నాటి నుంచి జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా గుంపుగా వెళ్ళి ప్రతి గుమ్మం ముందూ, "బాలయేసు ఉచ్చ పోశాడా?" అని అరుస్తాం. "ఎందుకు పొయ్యడు, రండి!" అంటారు ఇంటివాళ్ళు. లోపల బాలయేసు పాక, మొలకెత్తిన గోధుమల గిన్నెలు, తీపి రొట్టె, ఆ పక్కనే ఇల్లాలు నెలల తరబడి సీసాలో ఊరబెట్టిన పళ్ళ సారా. అది ఆ పసివాడి ఉచ్చేనని చెప్పుకుంటూ తాగాలి. వద్దనడం ఉండదు. గ్లాసు వద్దన్నవాడు ఆ ఇల్లాలి చేతినీ, ఆవిడ పుట్టింటినీ, పాకలో పడుకున్న పసివాణ్ణీ కూడా వద్దన్నట్టే లెక్క.

చిక్కంతా అక్కడే ఉంది. గుంపు చర్చి దగ్గర బయలుదేరుతుంది, జుల్మీరా ఇల్లు చిట్టచివర. అక్కడికి చేరేసరికి అమాన్సియో ఒంట్లో రక్తం కంటే కమలాతొక్కల సారా ఎక్కువుంటుంది. మూడేళ్ళ కింద ఆవిడ కుర్చీలో కూలబడి గురకపెట్టాడు. ఆ తరవాతి ఏడు పాట పాడాడు, అది మరీ ఘోరం. నిరుడైతే ధైర్యం తెచ్చుకుని, ఏడాదిగా మనసులో వల్లెవేసుకున్న మాటలన్నీ కన్నీళ్ళతో చెప్పేశాడు గాని, ఆవిడ వంటింట్లో రొట్టె కోస్తోంది. విన్నది పాకలోని మట్టి గొర్రెలకాపరి బొమ్మ.

ఈ ఏడు ఒట్టు పెట్టుకున్నాడు. జుల్మీరా గుమ్మం దాకా చుక్క ముట్టడు. తెలివిలో ఉండి, రెండు కాళ్ళ మీద నిలబడి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు. అవునంటే అవును, కాదంటే కాదు. ఈసారి కూడా అడక్కపోతే ఇక జన్మలో అడగలేనని అతనికి తెలుసు.

పండగ మర్నాడు మధ్యాహ్నం దాటాక గుంపు బయలుదేరింది. ముందు సెరఫీమ్ డోలు, వెనక బ్యాండు కుర్రకారు, వాళ్ళ మధ్య బెదురు చూపులతో యోస్ట్, ఆఖర్న నల్లటి కొత్త కోటులో అమాన్సియో. మొదటి ఇల్లు దోనా ఎర్మీనియాది. మంచి మనిషి, కాకపోతే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. గ్లాసులు నింపి పళ్ళెంలో పట్టుకొచ్చింది. అందరూ తీసుకున్నారు. అమాన్సియో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈసారికి నాకొద్దు, దోనా ఎర్మీనియా."

డోలు మీద వేళ్ళాడిస్తున్న సెరఫీమ్ చెయ్యి ఆపేశాడు.

"ఏం, నా సారా అంత చేదెక్కిందా?"

"అయ్యో, అదేం లేదండీ."

"మరి? ముప్ఫయ్యేళ్ళలో ఈ ఇంట్లో నువ్వు వద్దన్నది చేపముల్లొక్కటే కదయ్యా! కడుపులో బాగాలేదా?"

"బాగానే ఉందండీ."

"గుండెలోనా?"

గుండె మాట ఎత్తగానే అమాన్సియో చెవులదాకా ఎర్రబడ్డాడు. దోనా ఎర్మీనియా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. ఆవిడ చూపు అతని మొహం మీంచి కోటు మీదికి దిగింది. "నవంబర్లో లాంచీ ఎక్కి హోర్తా వెళ్ళొచ్చావట?"

"వెళ్ళాను."

"దేనికి?"

"ఊరికేనండీ."

ఊరికే హోర్తా ఎవరు వెళ్తారు? మా దీవివాళ్ళు నీళ్ళు దాటి ఎదురు దీవిలోని ఆ పట్నానికి వెళ్ళేది కోర్టుకో, ఆస్పత్రికో. అమాన్సియోకి కోర్టు గొడవలు లేవు. పైగా నల్ల కోటు. రోజులు దగ్గరపడ్డ ముసలివాళ్ళు మా ఊళ్ళో చేసే మొదటి పని, శవపెట్టెలో పడుకునేటప్పుడు వేసుకోవడానికి మంచి నల్ల కోటు కొనిపెట్టుకోవడం. దోనా ఎర్మీనియా ఇక ఒక్క మాట కూడా అనలేదు. అతని చెంప నిమిరి, తీపి రొట్టె ఇంకో ముక్క చేతిలో పెట్టింది. అతని గ్లాసేమో పక్కనున్న యోస్ట్ చేతిలోకి పోయింది. పరదేశులకి రెండేసి ఇవ్వడం ఆచారం కాబోలనుకుని ఆ అమాయకుడు అదీ తాగేశాడు.

గుంపు ఇంకా వీధి మలుపు తిరగనే లేదు, దోనా ఎర్మీనియా ఫోను తీసింది.

రెండో ఇంట్లో అమాన్సియోని అడక్కుండానే కుర్చీ వేశారు. మూడో ఇంట్లో వేడి చారు తెచ్చి, "గోరువెచ్చగా ఉంది, నెమ్మదిగా తాగు మావయ్యా," అన్నారు. నాలుగో ఇంట్లో ఆ ఇంటి కోడలు ఉన్నట్టుండి అతన్ని కావలించుకుని లోపలికి పారిపోయింది. ప్రతి ఇంట్లోనూ అతని గ్లాసు యోస్ట్ పాలబడింది. ఐదో ఇంటికి యోస్ట్ వాళ్ళ దేశం పాట ఎత్తుకున్నాడు.

"ఏంట్రా ఇది? అందరూ నన్నిలా చూస్తున్నారేంటి?" అని అమాన్సియో సెరఫీమ్‌ని నిలదీశాడు.

సెరఫీమ్ డోలు దించి వీధి మధ్యలో నిలబడిపోయాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు. "నాతో కూడా చెప్పలేదేంట్రా? చిన్నప్పట్నుంచి ఒకే బల్ల మీద కూచున్నాం కదరా! ఊరంతా తెలిసాక నాకు తెలియాలా?"

"ఏం తెలియాలి?"

"నీ రోగం గురించి."

"నాకే రోగమూ లేదు!"

"అదే. మా నాన్న కూడా చివరిదాకా అదే అన్నాడు." సెరఫీమ్ ముక్కు చీదుకున్నాడు. "నువ్వు లేకపోతే పైనుంచి ఎవడు చెప్తాడ్రా నాకు? వైర్‌లెస్‌లో నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

"అన్నీనా?"

సెరఫీమ్ కాస్త ఆలోచించాడు. "చాలామట్టుకు."

అమాన్సియోకి అప్పుడు గాని అర్థం కాలేదు. నిజం చెప్పేస్తే ఈ గోల ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ఎలా చెప్తాడు? సెరఫీమ్ చెవిన పడ్డ మాట డోలు మీద కొట్టినట్టే కదా. తను ఆ గుమ్మం చేరకముందే ఊరంతా జుల్మీరాకి పెళ్ళి చేసేస్తుంది. ఆవిడ కాదనాలనుకుంటే పదిమంది ముందు కాదనాల్సొస్తుంది. అవుననాలనుకున్నా సిగ్గుతో చచ్చిపోతుంది. వద్దు, ఆవిడకి ముందు చెప్పకుండా ఇంకెవరికీ చెప్పకూడదు. పోనీ గొడవ తీరేలా ఒక్క గ్లాసు తాగేద్దామా అంటే, అతని సంగతి అతనికి తెలుసు. ఒకటి దిగితే రెండోది దానంతటదే వస్తుంది, ఆ వెనక మట్టి గొర్రెలకాపరి కనిపిస్తాడు. అతను పళ్ళు బిగించుకుని నడిచాడు.

"నాకేం లేదు, నేను బాగున్నాను," అని ఇంటింటా చెప్పాడు. అన్నకొద్దీ ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు, మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు. బ్యాండు కుర్రాళ్ళు వెనక నిలబడి శవయాత్రకి ఏ బాణీ బాగుంటుందో గుసగుసలాడుకుంటున్నారు. అందులో ఒకడు అమాన్సియోకి ఏ పాట ఇష్టమో అతన్నే అడిగొద్దామని బయలుదేరితే మిగతావాళ్ళు చొక్కా పట్టుకు లాగారు.

జుల్మీరా ఇంటికి ముందిల్లు ముసలి ఇనాసియోది. ఎనభై దాటినా నోటిదురుసు తగ్గనివాడు. అమాన్సియోని ఎగాదిగా చూసి, తన అంజీర్ సారా గ్లాసు అతని ముక్కు కింద పెట్టాడు. "ఏరా, పోతున్నావట? ఇది చూడు, శవం కూడా లేచి కూచుంటుంది. తాగావా, నీకే రోగమూ లేదని నేనే ఊరంతా చాటుతాను. తాగలేదా, రేపే గొయ్యి తవ్విస్తాను. అంతే."

అమాన్సియో గ్లాసు తీసుకున్నాడు. దాని వాసనకే గొంతు కిందికీ పైకీ ఆడింది. చలిలో మధ్యాహ్నం నుంచి తిరిగి కాళ్ళు చల్లబడ్డాయి. అందరూ అతని వంకే చూస్తున్నారు. ఒక్క గుటకతో మళ్ళీ మామూలు మనిషైపోవచ్చు, సెరఫీమ్ ఏడుపు ఆగుతుంది, ఊరు తేలికపడుతుంది. అతను గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"క్షమించు, తాతా."

ముసలి ఇనాసియో టోపీ తీసేసి గుండెకి ఆనించుకున్నాడు. అది చూసి సెరఫీమ్ బావురుమన్నాడు.

బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. దీవి నడుమ ఉన్న కొండ శిఖరం మీది మంచు ఎర్రబడింది. జుల్మీరా గుమ్మం ముందు గుంపంతా ఆగింది గాని, ఎవరికీ నోరు పెగల్లేదు. చావబోయేవాణ్ణి పక్కన పెట్టుకుని బాలయేసు ఉచ్చ సంగతి ఏమడుగుతారు? డోలు మూగబోయింది. యోస్ట్ ఒక్కడే గోడకి చేరబడి, "పోశాడా? పోశాడా?" అని గొణిగాడు. ఎవరో వాడి నోరు మూశారు.

వాళ్ళు తలుపు కొట్టకముందే జుల్మీరా తీసింది. నల్ల శాలువా కప్పుకుంది, కళ్ళు వాచి ఉన్నాయి. గుంపు వంక చూడనైనా చూడలేదు. "మీరంతా ఇక్కడే ఉండండి. మీరు లోపలికి రండి, అమాన్సియో గారూ," అంది.

లోపల పాక దగ్గర దీపం వెలుగుతోంది. ఆవిడ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, చారు గిన్నె చేతికిచ్చింది. అమాన్సియో వల్లెవేసుకొచ్చిన మాటలన్నీ ఆ దుప్పటి కింద ఎక్కడో పడిపోయాయి.

"ఎన్నాళ్ళన్నారు?" అంది ఆవిడ.

"ఎవరండీ?"

"డాక్టర్లు. దాచకండి. చావు కబురు ఎంత చల్లగా చెప్పినా నేను తట్టుకోగలను, నాకు అలవాటే." ఆవిడ అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "వినండి. ఫోను రాగానే ఒక నిర్ణయానికొచ్చాను. మీకంటూ ఎవరూ లేరు. వెనక గది ఖాళీగా ఉంది, ఎండ బాగా పడుతుంది. ఇక్కడికొచ్చెయ్యండి. ఊరు ఏమన్నా అనుకోనీండి, నాకు లెక్కలేదు. మా ఆయన్ని మూడేళ్ళు చూసుకున్నాను, నాకు చేతనవును. మిమ్మల్ని మీ ఒంటిగది ఇంట్లో ఒంటరిగా పోనివ్వను."

అతను కోరుకున్నదంతా ఆవిడే పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. ఇల్లు, ఎండపడే గది, రోజూ పొద్దున్నే ఆవిడ మొహం. నోరు మూసుకుంటే చాలు. ఇంకొకడైతే రెండు దగ్గులు దగ్గి, చారు తాగేసి ఊరుకునేవాడు.

అమాన్సియో దుప్పటి తీసి పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"నాకే రోగం లేదండీ. హోర్తా వెళ్ళింది ఈ కోటు కొనుక్కోడానికి. కోటు కొన్నది మీ ఇంటికి రావడానికి. ఇవాళ పొద్దుట్నుంచి చుక్క ముట్టనిది, ఏటా మీ దగ్గరికొచ్చేసరికి నాకు తెలివుండటం లేదని. ఈసారి తెలివిలో అడుగుదామనుకున్నాను." ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"మీరు చచ్చిపోవటం లేదా?"

"లేదండీ."

"అసలేమీ లేదా? గుండెలో కూడా?"

"గుండెలో ఉంది గాని, దానికి డాక్టరు పనికిరాడు."

ఆవిడ లేచి అతని చేతిలో గిన్నె లాక్కుని బల్ల మీద టంగుమని పెట్టింది, చారు సగం ఒలికింది. "ఫోనొచ్చినప్పట్నుంచి ఏడుస్తున్నానయ్యా నేను! వెనక గది తుడిచాను, దుప్పట్లు మార్చాను, చర్చిలో నీ పేర ఏ దీపం పెట్టాలో కూడా అనుకున్నాను! వాళ్ళ గ్లాసులన్నీ వద్దని, ఊరిని ఏడిపించి, నన్ను ఏడిపించి, ఇప్పుడొచ్చి ఏమీ లేదంటావా? బుద్ధుందా నీకు? ఒక్క మాట అడగడానికి ఏడేళ్ళా?"

"ముందు నాకు రూఢిగా తెలియాలనుకున్నాను."

"ఏం తెలియాలి? ఏడేళ్ళు పొద్దున్నే చల్లారిపోయిన కాఫీ కప్పు పట్టుకుని కిటికీలో ఎందుక్కూచున్నానురా నేను? సముద్రం ఎలా ఉందో నా కళ్ళకి కనబడదా?"

కొండకొమ్ము మీంచి అంతంత దూరాన చిమ్మే నీటిని పట్టుకునే కళ్ళు అమాన్సియోవి. రోజూ దాటే కిటికీని పట్టుకోలేకపోయాయి.

జుల్మీరా శాలువాతో మొహం తుడుచుకుంది. కోపం కాస్త దిగింది. అతన్ని ఎగాదిగా చూసింది. "మీ అమ్మ ఎన్నేళ్ళు బతికింది?"

"తొంభై మూడు."

"అమ్మో!" అని మళ్ళీ స్టూలు మీద కూలబడింది. "పోయేవాడికైతే ఆలోచించకుండా గది ఇచ్చేశాను. ఆరునెలలు ఎవరినైనా భరించొచ్చు. ముప్ఫయ్యేళ్ళంటే ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకోండి," అన్నాడు అమాన్సియో. "ఏప్రిల్ దాకా నాకేం పని లేదు."

ఆవిడ పెదవులు బిగించుకుంది. ఆగలేకపోయింది. నవ్వు ఫక్కున బయటపడింది, దానితో పాటు మిగిలిన ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ఊపిరాడక పొట్ట పట్టుకుంది. అమాన్సియో ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ దుప్పటి తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు.

"నాకొక భయముంది," అంది నవ్వు తగ్గాక, తల వంచుకుని. "ఒకసారి పాతిపెట్టాను. రెండోసారి నావల్ల కాదు. నాకంటే ముందు పోనని చెప్పు."

"అది నేను చెప్పలేను. నాకు కనబడని దాన్ని కనబడిందనలేను. ఇవాళ బాగున్నాను, రేపు పొద్దున్న కూడా బాగుండేలాగే ఉన్నాను. అంతవరకే తెలుసు."

జుల్మీరా తలెత్తి అతన్ని చూసింది. చచ్చిపోయిన భర్త, మంచి మనిషే, ఆఖరి రోజు దాకా రేపటికి లేచి తిరుగుతానంటూ ఉండేవాడు. ఆవిడ అది మూడేళ్ళు నమ్మింది. ఇదిగో, ఒక్క తీపి అబద్ధమైనా చెప్పడం చేతకాని మనిషి. ఇలాంటివాడు ఉన్నానంటే ఉన్నట్టే అనిపించింది ఆవిడకి.

"కోటు బాగుంది," అంది. చెయ్యి చాపి దాని కాలరు సరిచేసింది. తరవాత గోడకున్న తన కోటు తీసి తొడుక్కుంది.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేంటి? ఊళ్ళో ప్రతి ఇల్లాలి గ్లాసూ వద్దని వచ్చావు. ఇది తేలకుండా పడుకుంటే పొద్దున్నకల్లా నిజంగానే గొయ్యి తవ్వేస్తారు. వెనక్కి వెళ్ళి ప్రతి ఇంట్లోనూ తాగాలి. పద, నేనూ వస్తాను. నువ్వొక్కడివీ వెళ్తే ఏ గొర్రెలకాపరి దగ్గరో ఆగిపోతావు."

అమాన్సియో ఉలిక్కిపడ్డాడు. "అది మీరు విన్నారా?"

"వంటిల్లు ఎంత దూరమేంటి? మర్నాడు పొద్దున్న వచ్చి నాతో చెప్తావని చూశాను. రాలేదు. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

తలుపు తెరిచేసరికి దానికి చెవులానించుకున్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడుతూ వెనక్కి జరిగారు. చెక్క తలుపు మందమైంది, ఎవరికీ ఏమీ వినబడలేదు. సెరఫీమ్ టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "ఎలా ఉన్నాడు?" అని అడిగాడు.

"బతుకుతాడు," అంది జుల్మీరా. అంటూనే అమాన్సియో చేతిలో తన చెయ్యి వేసి మెట్లు దిగింది.

మా ఊళ్ళో భర్త పోయిన ఆడది ఇంకొక మగవాడి చెయ్యి పట్టుకుని వీధిలో నడిస్తే, చర్చిలో చాటింపు వేసినట్టే. సెరఫీమ్ మొహంలో రోగం, హోర్తా, నల్ల కోటు అన్నీ ఒకదాని వెనక ఒకటి చోటు మారడం అందరికీ కనబడింది. "ఒరేయ్ దొంగ వెధవా!" అని అరిచి డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు, గోడకి చేరబడి నిద్రపోతున్న యోస్ట్ ఎగిరిపడ్డాడు. "వెనక్కి తీసుకున్న తిట్లన్నీ మళ్ళీ నీకే ఇచ్చేస్తున్నాను! నా కన్నీళ్ళు తిరిగివ్వాలి నువ్వు!" అంటూనే వాడు మళ్ళీ ఏడ్చాడు, ఈసారి నవ్వుతూ. బ్యాండు కుర్రాళ్ళు శవయాత్ర సంగతి మరిచిపోయి చేతికందిన బాణీ ఎత్తుకున్నారు.

ముసలి ఇనాసియో గుమ్మం ముందు జుల్మీరా ఆగింది. భర్త పోయినప్పట్నుంచి ఆవిడ ఈ తిరుగుడుకి రాలేదు. ఒకసారి గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "బాలయేసు ఉచ్చ పోశాడా?"

"ఎందుకు పొయ్యడు!" అంటూ తలుపు తీసిన ముసలాయన, ముందు అమాన్సియోని చూశాడు, తరవాత అతని చేతిలో ఉన్న చేతిని చూశాడు. జీవితంలో మొదటిసారి ఏమనాలో తోచక లోపలికి పోయి అంజీర్ సారా తెచ్చాడు. ఒకటి కాదు, రెండు గ్లాసులు.

అమాన్సియో గ్లాసు పట్టుకుని, తాగకుండా, జుల్మీరా వంక బెదురుగా చూశాడు. ఇంతా అయ్యాక కూడా, ఇక తాగొచ్చన్న నమ్మకం అతనికి ఇంకా కలగలేదు.

"తాగు," అంది ఆవిడ మెల్లగా. "చెప్పాల్సింది చెప్పేశావుగా."